పంపితే చాలదు, పదిలపరచాలి

పొందూరులో మాకు తెలిసిన ఒక కుటుంబం ఉన్నది. తండ్రి బజారులో చిన్న కుట్టు దుకాణం నడుపుతాడు. పెద్దమ్మాయి డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఒక ఆదివారం ఉదయం ఆ తండ్రి మా ఇంటికి వచ్చి ఫోను మా చేతిలో పెట్టి, "చాచా, అమ్మాయికి ఈ ఉపకార వేతనం పెట్టిద్దామనుకుంటున్నాము. ఇది నిజమేనా, ఒకసారి చూసి చెప్పండి" అని అడిగాడు.

చూశాము. అది ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియని సందేశం. పైన రెండు బాణపు గుర్తులు ఉన్నాయి. కింద పది మందికి పంపమనే విన్నపం ఉన్నది. అందులో చెప్పిన పథకం కొన్నేళ్ల కిందటే ఆగిపోయింది. ఆ మాట చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది. పోనీ, ఆ అమ్మాయికి వర్తించే వేరొక పథకం ఏదైనా ఉన్నదేమోనని అదే ఫోనులో వెతికాము. ఉన్నది. రెండు వందల మంది సభ్యులున్న ఒక గ్రూపులో, నలభై రోజుల కిందట, ఎవరో ఒక పుణ్యాత్ముడు అసలైన ప్రకటనను, అసలైన లింకుతో సహా పంపించి ఉన్నాడు. దాని మీద పండుగ శుభాకాంక్షలు, క్రికెట్ స్కోర్లు, మధుమేహానికి చిట్కాలు, ఎవరో తప్పిపోయిన పిల్లవాడి ఫోటో, మళ్లీ శుభాకాంక్షలు వచ్చి పడ్డాయి. దరఖాస్తుకు చివరి తేదీ దాటిపోయి అప్పటికి పదకొండు రోజులు.

ఇందులో తప్పు ఎవరిది? పంపినాయనది కాదు, ఆయన తన బాధ్యత తాను నెరవేర్చాడు. తండ్రిది కాదు; పొద్దున్నే మిషను ముందు కూర్చున్న మనిషి రోజుకు రెండు వందల సందేశాలు చదవలేడు. అమ్మాయిదీ కాదు. తప్పు మన అందరిదీ. కావలసిన సమాచారం మన ఊరికి వచ్చింది, మన ఇంటికి వచ్చింది, మన జేబులోకి కూడా వచ్చింది. దాన్ని పెట్టుకొనే చోటు మాత్రం మన దగ్గర లేకపోయింది. ఈ నెల సంపాదకీయం ఆ చోటు గురించి.

కొద్దిమంది ఉన్న చోట

శ్రీకాకుళం జిల్లా జనాభాలో ముస్లింలు ఒక శాతం కూడా లేరు. కర్నూలులోనో, కడపలోనో, గుంటూరులోనో ఉన్న కుటుంబానికి ఒక సందేహం వస్తే నాలుగు అడుగుల దూరంలో అడగడానికి మనిషి ఉంటాడు. వీధిలో ఒక వకీలు, మసీదులో ఒక రిటైర్డు ఉద్యోగి, పక్క వాడలో ఒక ఉర్దూ పాఠశాల, కొంచెం ముందుకు పోతే ఒక సంఘం కార్యాలయం ఉంటాయి. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా పొందూరు వంటి చోట్ల, మన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. ఒక ఇంటికీ ఇంకొక ఇంటికీ మధ్య ఊళ్లు ఉన్నాయి. ఇక్కడ మనకు ఫోనే వకీలు, ఫోనే కార్యాలయం. అందుచేత ఫోనులో వచ్చిన సమాచారాన్ని పోగొట్టుకోవడం పెద్ద పట్టణంలోని వారికన్నా మనకు ఎక్కువ నష్టం.

ఆ నష్టం ఎంతటిదో రెండు మూడు ఉదాహరణలతో చెబుతాము. 2007 చట్టం ప్రకారం ముస్లింలలోని 14 వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషను ఏర్పడింది. హైకోర్టు దాన్ని కొట్టివేసిన తరువాత, 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. ఆ 14 పేర్ల పట్టిక తమ దగ్గర ఉన్న కుటుంబాలు ఎన్ని? దూదేకుల సోదరులు ఈ 14లో లేరు. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ పేర్లు బి.సి.-బి కింద వేరుగా ఉన్నాయి. ఈ తేడా తెలియక తప్పు గడిలో టిక్కు పెట్టి, తరువాత ధ్రువపత్రం కోసం తిరిగినవారిని మేము చూశాము. అందుకు కావలసింది రెండు పేజీల కాగితం. అది ఇంటర్నెట్టులో ఉన్నది. అవసరమైన రోజున మాత్రం ఎవరికీ దొరకదు.

వక్ఫ్ ఆస్తుల సంగతి ఇంకొకటి. 2025 సవరణ చట్టం తరువాత, ఆ ఏడాది జూన్ 6న కేంద్ర ప్రభుత్వం 'ఉమీద్' పోర్టల్ తెరిచి, వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో అందులో ఎక్కించాలన్నది. గడువు పెంచమని కోరినవారిని 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు వెళ్లమన్నది. ఆ ఆరు నెలలూ చిన్న చిన్న ఖబరస్తానుల ముతవల్లులు ఏం వెతికారో మేము చూశాము. గెజెటు ప్రకటన ఏ సంవత్సరంది? సర్వే నంబరు ఎక్కడ చూడాలి? ఏ కాగితాన్ని ఏ రూపంలో ఎక్కించాలి? ప్రతి ఒక్కరూ అదే ప్రశ్న అడిగారు, ప్రతి ఒక్కరూ మొదటి నుంచి వెతికారు. ఒక ఊరి ముతవల్లి కష్టపడి కనుక్కున్న జవాబు పక్క ఊరి ముతవల్లికి చేరలేదు. చేరినచోట కూడా మరుసటి వారానికి సందేశాల కింద కప్పడిపోయింది.

రికార్డు గది నేర్పిన పాఠం

మేము ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా గడిపాము. ఆ బల్ల ముందు మాకు మొదట నేర్పిన సంగతి ఒకటున్నది: కార్యాలయంలోకి వచ్చిన కాగితానికి నంబరు పడాలి, తారీఖు పడాలి, అది ఏ సీటుకు పోయిందో రిజిస్టరులో రాయాలి. పని ముగిసిన ఫైలు మీద ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని ముద్ర వేసి, ఏది శాశ్వతంగా ఉండాలో, ఏది కొన్నేళ్లకు తీసివేయవచ్చో అప్పుడే తేల్చాలి. రికార్డు గదిలో దుమ్ము ఉండవచ్చు, ఎలుకలు ఉండవచ్చు. అట్ట మీద పేరు ఉన్న కట్ట మాత్రం ఇరవై ఏళ్ల తరువాత కూడా పావుగంటలో చేతికి వచ్చేది. పేరు లేని కట్ట ఉన్నా లేనట్టే.

ఆ గదిలో వాడే మాటలు ఒకసారి తలచుకోండి. జాబితా, నకలు, అసలు, తారీఖు, దాఖలు, దస్తావేజు, దస్త్రం. అన్నీ అరబీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాటలే. కాగితాన్ని పద్ధతిగా పెట్టుకోవడమనే విద్యకు తెలుగు నేల మీద మన పూర్వీకుల భాషలు ఇన్ని మాటలు ఇచ్చాయి. అటువంటి మనం ఈనాడు అసలుకూ నకలుకూ తేడా చూడకుండా, తారీఖు లేకుండా, వచ్చింది వచ్చినట్టు ముందుకు తోసివేస్తున్నాము.

పదవ శతాబ్దపు బాగ్దాదులో ఇబ్న్ అల్-నదీమ్ అనే పుస్తక వ్యాపారి తనకు తెలిసిన అరబీ గ్రంథాలన్నిటికీ, వాటి కర్తలకూ ఒక పట్టిక తయారుచేశాడు. దాని పేరే 'అల్-ఫిహ్రిస్త్', అనగా జాబితా. అందులో పేరున్న గ్రంథాలలో ఎన్నో తరువాత నశించిపోయాయి. అవి ఒకప్పుడు ఉండేవని లోకానికి తెలిసింది ఆ జాబితా వల్లనే. హదీసు పండితులు ఒక మాటను స్వీకరించే ముందు అది ఎవరి నోట విన్నది, ఆయన ఎవరి నోట విన్నాడు అని గొలుసు మొత్తం పరిశీలించేవారు. ఆ గొలుసుకు ఇస్నాద్ అని పేరు. వార్త తెచ్చినవాణ్ణి చూసి, వార్తను నిర్ధారించుకొన్న తరువాతే నడుచుకోవాలన్న ఉపదేశం ఖుర్ఆన్ 49వ సూరాలో ఉన్నది. రెండు బాణపు గుర్తులున్న సందేశానికి ఇస్నాద్ ఎక్కడ ఉన్నది? తప్పుడు కబుర్లు వ్యాపిస్తున్నాయని ఆ సందేశాల కంపెనీయే 2018లో మన దేశంలో ఒకసారికి ఐదు చోట్లకు మించి ముందుకు పంపకుండా కట్టడి చేసింది. చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలిగేలా 2020లో మరో కట్టడి పెట్టింది. కంపెనీకి ఉన్న జాగ్రత్త మనకు ఉండవద్దా?

ఉమ్మడి గుర్తుల పద్ధతి

పుస్తకం చదువుతూ మధ్యలో లేస్తే పేజీలో నెమలి ఈకో, కాగితం ముక్కో పెట్టడం మనకు తెలిసినదే. ఇంటర్నెట్టులో నచ్చిన పేజీని గుర్తుపెట్టుకోవడానికి బుక్‌మార్కు అన్నది కూడా అటువంటిదే. అయితే ఆ గుర్తు మన ఫోనులోనే ఉంటుంది, ఫోను పోతే అదీ పోతుంది, పక్కవాడికి ఉపయోగపడదు. ఈ గుర్తులను పదిమందీ కలిసి ఒకేచోట పెట్టుకొని, ఒక్కొక్క దానికి పక్కన కొన్ని గుర్తుమాటలు రాసి, అందరూ చూసేలా ఉంచడాన్నే సోషల్ బుక్‌మార్కింగ్ అంటారు. ఆ గుర్తుమాటలకు ట్యాగులు అని పేరు.

ఈ పద్ధతికి పేరు తెచ్చినది 'డెలిషస్' అనే సైటు. జాషువా షాక్టర్ అనే అమెరికా ఇంజనీరు తాను దాచుకున్న లింకుల పక్కన చిన్న చిన్న మాటలు రాసుకొనే అలవాటు నుంచి 2003లో దాన్ని రూపొందించాడు. ఒక్క లింకుకు ఎన్ని గుర్తుమాటలైనా పెట్టవచ్చు. బీరువాలో కాగితాన్ని ఒక అరలోనే పెట్టగలం. ఇక్కడ అదే కాగితం 'చదువు' అన్నా వస్తుంది, 'ఆడపిల్లలు' అన్నా వస్తుంది, 'డిసెంబరు' అన్నా వస్తుంది. మన దేశపు గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలలో నాలుగవది పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది. పనిరోజు కూలి పోగొట్టుకొని మీసేవకు వచ్చిన తల్లికి ఆ సూత్రం విలువ మనకన్నా బాగా తెలుసు.

తెలుగువారికి ఇటువంటి ఉమ్మడి ప్రయత్నం కొత్త కాదు. తెలుగు బ్లాగులు విరివిగా వెలువడిన రోజుల్లో ఎక్కడెక్కడి రాతలనో ఒకచోట చూపిన వేదికలకు 'కూడలి' అనీ, 'జల్లెడ' అనీ పేర్లు పెట్టుకున్నారు. ఎంత చక్కని పేర్లు! ఒకటి కలిసే చోటు, మరొకటి వడగట్టే పనిముట్టు. మనకు కావలసినవి సరిగ్గా ఆ రెండే.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మన జిల్లా కేంద్రంలోనే ఉన్నది. మురపాకలో పుట్టి, విశాఖలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కథకుడు కాళీపట్నం రామారావు గారు, మనందరి కారా మాస్టారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. తనకు పురస్కారాలుగా వచ్చిన సొమ్మును అందులో పెట్టారు. పాత పత్రికల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న తెలుగు కథలను ఎక్కడెక్కడి నుంచో తెప్పించి, ఏ కథ ఎవరిది, ఏ పత్రికలో, ఏ తేదీన వచ్చింది అని జాబితా కట్టారు. ఈ రోజు కథానిలయం వెబ్‌సైటులో ఆ వివరాలతో వెతికితే కథ చిరునామా దొరుకుతుంది; ఎన్నో కథలు పేజీలతో సహా కనబడతాయి. ఆయన 2021లో కన్నుమూశారు, జాబితా ఉన్నది. ఒక బడిపంతులు పెద్ద వయసులో తెలుగు కథకు చేసిన పనిని, మన హక్కుల కాగితాలకు మనం చేసుకోలేమా?

మన చరిత్రకు సంబంధించినంత వరకు ఆ పని మొదలైంది కూడా. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్ర గురించి ఏళ్ల తరబడి శ్రమించి రాసిన సయ్యద్ నశీర్ అహమ్మద్ గారి పుస్తకాలలో కొన్ని ఇప్పుడు తెలుగు వికీసోర్స్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకొనేలా ఉన్నాయి. తెలుగులో రాసిన ముస్లిం కవుల, రచయితల పరిచయాలతో ఆయన కూర్చిన 'అక్షరశిల్పులు' వాటిలో ఒకటి. 'ఈ దేశానికి మీరేం చేశారు' అని బడిలో తోటి పిల్లలు అడిగితే జవాబు తెలియక తలవంచుకొనే మన పిల్లవాడికి, ఆ లింకు ఒక్కటి చేతిలో ఉంటే చాలు. ఎందరు తల్లిదండ్రుల ఫోనుల్లో ఆ లింకు ఉన్నది?

లింకు కూడా చచ్చిపోతుంది

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. జాబితా కట్టి వదిలేస్తే సరిపోదు. ఇంటర్నెట్టులోని చిరునామాలు రాతి శాసనాలు కావు. 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ల తరువాత తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో తేల్చింది. పైన చెప్పిన డెలిషస్ సంగతే చూడండి. 2005లో యాహూ దాన్ని కొన్నది. 2010 చివరలో మూసివేస్తారన్న వార్త పొక్కింది. తరువాత చేతులు మారి మారి, 2017లో పిన్‌బోర్డు అనే పోటీ సైటు దాన్ని కొని, కొత్త గుర్తులు చేర్చడం ఆపివేసింది. లక్షలాది మంది ఇష్టంగా లింకులు దాచుకున్న 'పాకెట్'ను 2025 జులైలో మొజిల్లా మూసివేసింది. ఉచితంగా ఇచ్చిన అరను యజమాని ఎప్పుడైనా ఖాళీ చేయమనవచ్చు. కనుక మన జాబితా ఏ కంపెనీ దగ్గర పెట్టుకున్నా, నెలకొకసారి దాని నకలు మన దగ్గర తీసి పెట్టుకోవాలి.

ప్రభుత్వ సైట్లూ ఇందుకు మినహాయింపు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా ఉంచే పాత పద్ధతిని ఆపివేసింది. 2024 ఆగస్టులో తిరిగి మొదలుపెట్టింది. మధ్యలో ఆ మూడేళ్లూ పాత లింకు పట్టుకొని కూర్చున్నవాడి గతి ఏమిటి? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం విజయనగరం జిల్లాకు పోయింది, పాలకొండ పార్వతీపురం మన్యానికి పోయింది, పొందూరు శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. అంతకు ముందు నాటి సందేశం చూసి రాజాం మనిషి శ్రీకాకుళం కార్యాలయానికి బస్సెక్కితే చార్జీలు దండగ.

పథకాలదీ ఇదే కథ. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల మైనారిటీ పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనం 2022-23 నుంచి ఆగిపోయి, తొమ్మిది, పది తరగతులకే పరిమితమైంది. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్టు 2022 డిసెంబరులో లోక్‌సభలో చెప్పారు. విదేశీ చదువుల రుణాల మీద వడ్డీ రాయితీ ఇచ్చిన 'పఢో పర్‌దేశ్' కూడా అదే కాలంలో పోయింది. మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయమని 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రిత్వ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఈ పథకాల రద్దు అన్యాయమని మేము భావిస్తున్నాము. ఆ పోరాటం వేరే చేయాలి. అయితే చనిపోయిన పథకాల సందేశాలు ఇంకా బతికే తిరుగుతున్నాయి. ఒక పథకం ఆగిపోయిందని రాయడం కూడా సమాచారమే. ఆ ఒక్క వాక్యం మా కుట్టు దుకాణం సోదరుడికి ముందే తెలిసి ఉంటే, ఆయన సరైన పథకం కోసం వెతికి ఉండేవాడు.

ఎలా మొదలుపెట్టాలి

మహాత్మాగాంధీ కాలం నుంచీ దేశానికి తెలిసిన పొందూరు ఖద్దరు ఎలా తయారవుతుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. దూరాన ఉన్న పాఠకుల కోసం చెబుతున్నాము. ఇక్కడి స్త్రీలు పత్తిని తెచ్చి నేరుగా రాట్నం మీద పెట్టరు. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టుకొని, ఆ సన్నని పళ్లతో పత్తిని దువ్వి, నలక తీసి, పోగులను సాపు చేస్తారు. తరువాతే ఏకు, తరువాతే నూలు. దువ్వకుండా వడికితే సన్నని నూలు రాదు. సమాచారమూ అంతే. వచ్చినదంతా పోగుచేస్తే పత్తి కుప్ప మాత్రమే మిగులుతుంది. దువ్వే ఓపిక ఉన్న చేతులు కావాలి.

అందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. రెయిన్‌డ్రాప్ వంటి సైటులో ఉమ్మడి ఖాతా తెరవవచ్చు. అది కష్టమనుకుంటే గూగుల్ షీటు ఒకటి చాలు. అదీ కాదంటే గీతల నోటుపుస్తకంతో మొదలుపెట్టినా తప్పులేదు. ప్రతి లింకుకూ ఐదు గడులు ఉండాలి. మొదటిది, అది దేని గురించో తెలుగులో ఒక్క వాక్యం. రెండవది, అసలు చిరునామా. ఎవరో వీడియోలో చెప్పిన మాట పనికిరాదు, ప్రకటన ఇచ్చిన కార్యాలయపు పేజీయే ఉండాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సైట్లు సాధారణంగా 'గవ్ డాట్ ఇన్', 'నిక్ డాట్ ఇన్' అని ముగుస్తాయి. వేరే ముగింపు ఉంటే రెండుసార్లు చూడాలి. మూడవది, గుర్తుమాటలు. నాలుగవది, గడువు తేదీ. ఐదవది, దీన్ని ఎవరు, ఏ తారీఖున తెరిచి సరిచూశారు అన్నది. ఈ ఐదవ గడి మన ఇస్నాద్.

గుర్తుమాటల విషయంలో ముందే ఒక ఒప్పందానికి రావాలి. ఒకరు 'స్కాలర్‌షిప్' అనీ, ఒకరు 'ఉపకార వేతనం' అనీ, ఇంకొకరు 'వజీఫా' అనీ రాస్తే మూడు కుప్పలవుతాయి. చదువు, ఉద్యోగం, ధ్రువపత్రం, వక్ఫ్, హజ్, వైద్యం, చట్టం, చరిత్ర, మహిళలు. ఈ తొమ్మిదీ మొదట చాలు. మన అమ్మలు ఇంట్లో పలికే మాటకే పెద్దపీట వేయాలి. పేజీ రేపు ఉంటుందో లేదో అన్న అనుమానం ఉంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో ఆ చిరునామా ఇచ్చి నకలు దాయించవచ్చు. అది ఉచితం. ముఖ్యమైన జీవో అయితే పీడీఎఫ్ దింపి పెట్టుకోవడం మరీ మంచిది.

ఒక కట్టుబాటు మాత్రం తప్పనిసరి. ఈ జాబితాలో అందరికీ చెందిన కాగితాలే ఉండాలి. ఎవరి ఆధార్ నంబరు, బ్యాంకు పుస్తకం, కులధ్రువపత్రం, ఫోను నంబరు అందులో చేరకూడదు. సహాయం చేస్తామంటూ ఓటీపీ అడిగేవాడు ఎంత తెలిసినవాడైనా ఇవ్వకూడదు. పదిమందికీ తెరిచి ఉన్న గదిలో సొంత ఇంటి తాళం వేలాడదీయము కదా.

ఇద్దరు మనుషులు చాలు. ఫోను వేగంగా వాడగల ఒక చదువుకున్న అమ్మాయి లేక అబ్బాయి, కాగితం భాష చదవగల ఒక రిటైర్డు ఉద్యోగి. ఒకరికి వేగం, మరొకరికి అనుమానం. రెండూ కలిస్తేనే జాబితా నిలబడుతుంది. వారానికి ఒక గంట చాలు. శుక్రవారం నమాజు తరువాత ఆ గంట కేటాయించుకోమని మా సలహా.

'ఇంత శ్రమ ఎందుకు, గూగుల్‌లో వెతికితే అన్నీ వస్తాయి కదా' అనేవారున్నారు. వెతకడానికి ఏ మాట కొట్టాలో తెలిసినవాడికి వస్తాయి. బి.సి.-ఇ అన్న మాటే తెలియని తండ్రి ఏమని వెతకాలి? పైగా వెతుకులాటలో పాతదీ కొత్తదీ, అసలుదీ నకిలీదీ పక్కపక్కనే నిలబడతాయి. అడిగినదానికి జవాబు చెప్పే కొత్త యంత్రాలూ వచ్చాయి. అవి ఎంత ధీమాగా చెప్పినా, గడువు తేదీని అసలు ప్రకటనలో చూసుకోకుండా దరఖాస్తు నింపవద్దు.

'ఇది ప్రభుత్వం చేయవలసిన పని కదా' అనేవారూ ఉన్నారు. వారి మాట నిజం. 2005 సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షనులో మొదటి మాటే అది: ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన రికార్డులను జాబితా కట్టి, సూచిక వేసి, వీలైనంత వరకు కంప్యూటరులోకి ఎక్కించాలి, 17 రకాల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. మైనారిటీ సంక్షేమ కార్యాలయాలు, కార్పొరేషను, వక్ఫ్ బోర్డు తమ పథకాలు, గడువులు, లబ్ధిదారుల లెక్కలు, రద్దయిన పథకాల పేర్లు తెలుగులో, ఉర్దూలో, తారీఖుతో ఒకేచోట ఉంచాలని మేము డిమాండ్ చేస్తున్నాము. ఉంచని చోట సమాచార హక్కు దరఖాస్తు పెట్టమని పాఠకులను కోరుతున్నాము. వచ్చిన జవాబును కూడా, అందులో ఎవరి సొంత వివరాలూ లేకుండా చూసి, జాబితాలో చేర్చండి. ఒకరు అడిగి తెచ్చుకున్న జవాబు ఇంకొకరు మళ్లీ అడగవలసిన పని ఉండదు. 2006 నవంబరులో ప్రధానికి అందిన సచార్ కమిటీ నివేదికను సభల్లో తలవనివారు లేరు; తెరిచి చదివినవారు తక్కువ. మన వాదనకు బలం చదివిన కాగితం నుంచే వస్తుంది.

మా వంతుగా ఒక మాట ఇస్తున్నాము. వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో ఒక పేజీ ఈ జాబితాకు కేటాయిస్తాము. ఫోను లేని ఇంటికి, ఫోను ఉన్నా చదవలేని పెద్దలకు అది కాగితం మీద చేరుతుంది. ప్రతి పథకం పక్కన గడువు, సరిచూసిన తారీఖు ఉంటాయి. ఆగిపోయిన పథకాలకు వేరే గడి ఉంటుంది. తప్పు దొర్లితే పాఠకులు మాకు రాయండి, మరుసటి నెల దిద్దుకుంటాము. మీ ఊళ్లో మీరు కట్టుకున్న జాబితా సంగతి కూడా తెలియజేయండి; పొందూరులో మొదలైనది ఇచ్ఛాపురంలోనూ, బొబ్బిలిలోనూ, సాలూరులోనూ పనికివస్తుంది.

ఆ కుట్టు దుకాణం సోదరుడి అమ్మాయికి ఈ ఏడాది అవకాశం పోయింది. ఆ బాధ మమ్మల్ని విడిచిపెట్టలేదు. అయితే మా జాబితాలో మొదటి వరుస రాసినది ఆమే. తనకు తప్పిపోయిన పథకం పేరు, అసలు చిరునామా, వచ్చే ఏడు ఏ నెలలో చూడాలో గుర్తు, తాను సరిచూసిన తారీఖు వేసి కింద తన పేరులోని మొదటి అక్షరం పెట్టింది. తరువాతి సంవత్సరం ఆమెకూ, ఆమె చెల్లెలికీ, మనం ఎన్నడూ చూడని ఏదో ఊరి ఆడపిల్లకూ ఆ వరుస పనికివస్తుంది, ఇన్‌షా అల్లాహ్. రెండవ వరుస మీరు రాయండి.